ఆఫీసరు తాగిన నీళ్లు

చదివే అయ్యలకూ అమ్మలకూ ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మనవళ్లు పుట్టిన తర్వాత, రాత్రి బడిలో. ఇప్పటికీ ఒత్తులు తారుమారవుతాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే దారికి ఎడంగా, మెట్ట మీద ఎర్రమిట్టపాళెం అనే చిన్న పల్లె ఉండేది. అందరూ గొర్రెలూ మేకలూ మేపుకునేవాళ్లు. ఒకనాటి ఉదయం ఆ పల్లెలో పండగ కళ వచ్చింది. వాకిళ్లు అలికి ముగ్గులు పెట్టారు. ఆదిశేషమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తళతళలాడేలా తోమి, వాగుకు పోయి, ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్లను గుడ్డతో వడగట్టి తెచ్చింది. ఊరికి ఆఫీసరు వస్తున్నాడని తలారి ముందురోజే చెప్పిపోయాడు.

చూసేవాళ్లకు ముచ్చట గొలిపే ఆ మర్యాదలోనే ఆ పల్లె కష్టం దాగి ఉంది. ఊళ్లో ఉన్నది ఒకటే బావి. దాని నీళ్లు ఉప్పన. వాటిలో కందిపప్పు ఉడకదు. ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లు గారపట్టి ఉండేవి. మగవాళ్లకు నడివయసు రాకముందే మోకాళ్లు బిగుసుకుపోయేవి. ఆదిశేషమ్మ భర్త మాలకొండయ్య మంద వెంట నడవలేక, కంబళి కప్పుకొని అరుగు మీదే కూర్చుంటున్నాడు. ఈ మధ్య వాళ్ల కూతురు దేవకి కూడా కాళ్లు లాగుతున్నాయని ఏడవసాగింది. తండ్రి గతే పిల్లకూ పడుతుందేమోనని ఆదిశేషమ్మకు కంటికి కునుకు లేదు. వాగు చూస్తే దూరం. చెలమలో ఊరేది కొద్దిపాటి నీళ్లు. అందుకని చెలమ నీళ్లు చుట్టాలకు, బావి నీళ్లు ఇంటివాళ్లకు అని ఆ పల్లెలో ఆనవాయితీ.

ఆ ప్రాంతపు ఎమ్మెల్యే పెంచలనాయుడు గారు ఒకసారి ఆ దారిన పోతూ పిల్లల పళ్లు చూశారు. చూసి ఊరుకోకుండా శాసనసభలో ప్రశ్న వేశారు. ఎర్రమిట్టపాళెం నీళ్లు ఆరోగ్యానికి చేటుగా ఉన్న సంగతి ప్రభుత్వానికి తెలుసా, వాగు ఒడ్డున మంచినీళ్ల బావి తవ్విస్తారా అని అడిగారు. దానికి జవాబు రాసుకుపోవడానికే ఈ ఆఫీసరు వచ్చాడు.

ఆదిశేషమ్మ అత్త ఓబులమ్మ ఆయనకు చెంబు అందించింది. ఎండన పడి వచ్చిన మనిషి గటగటా తాగి, ఇవి ఈ ఊరి నీళ్లేనా అని అడిగాడు.

"ఈ ఊరియే దొరా. ఇంకేడ నుంచి వస్తాయి?" అన్నది ఓబులమ్మ.

ఎవరూ కాదనలేదు. వచ్చిన మనిషితో మా నీళ్లు మంచివి కావని చెప్పడం వాళ్లకు తలవంపు. ఆదిశేషమ్మ నోరు తెరవబోయింది గానీ అత్త కనుసైగ చేయడంతో ఊరుకుంది.

కొన్నాళ్లకు ఆమె మరిది సుబ్బన్న ఆత్మకూరు సంతకు పొట్టేళ్లను తోలుకుపోయాడు. అక్కడ కాఫీ హోటల్లో ఎవరో పేపరు చదివి వినిపించారు. మా ఆఫీసరు స్వయంగా వెళ్లి తాగి చూశారు, నీళ్లు తియ్యగా ఉన్నాయి, కొత్త బావి అక్కరలేదు అని మంత్రిగారు జవాబు చెప్పారట. సభ గొల్లున నవ్విందట. హోటల్లో వాళ్లు సుబ్బన్నను పట్టుకొని, "మీ నాయుడు లేని ఉప్పు కనిపెట్టినాడంటనే. ఇంకేం, మీ నీళ్లు తెచ్చి ఈడ అమ్ముకోరా" అని ఆటపట్టించారు.

సుబ్బన్న వచ్చి ఈ సంగతి చెబితే ఓబులమ్మ మురిసిపోయింది. తమ ఊరి పేరు పేపర్లో మంచిగా పడిందని ఆమె సంబరం. ఆదిశేషమ్మ మాత్రం కూలబడింది.

"మనకోసం అడిగిన మనిషిని నలుగుర్లో అబద్ధాలకోరును చేసినాం అత్తా. ఇంక మనకు బావి ఎవురు తవ్విస్తారు?" అన్నది.

వారం తిరక్కముందే పెంచలనాయుడు గారు వచ్చారు. ఊరంతా తలలు దించుకుంది. ఓబులమ్మ అలవాటుగా చెలమ నీళ్ల బిందె వైపు నడిచింది. ఆదిశేషమ్మ అడ్డం పోయి, బావి నీళ్లే చెంబులో ముంచి ఆయన చేతికిచ్చింది.

"ఏందే, పెద్దమనిషికి ఉప్పునీళ్లు పోస్తావా? సిగ్గు లేదటే నీకు?" అని అత్త కసిరింది.

నాయుడు గారు ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. అయినా చెంబు దించలేదు. మిగతావీ తాగి, మూతి తుడుచుకున్నారు.

"అమ్మా, సభలో నన్ను చూసి నవ్వినారు. దానికేం, నవ్వితే నేనేం అరిగిపోను," అన్నారు. "కానీ నేను అక్కడ ఎంత గట్టిగా అడిగినా, జవాబు ఇక్కడ మీ నోట్లోంచే రావాల. మీరు నీళ్లు బాగుండాయంటే నేనింకేం అడగను?"

ఆదిశేషమ్మ కొంగు సవరించుకొని ముందుకొచ్చింది. "మళ్లా ఒకసారి అడగండయ్యా. ఈసారి ఆఫీసర్ని చెప్పకుండా పంపించమనండి. అన్నానికి ఉండమనండి. మా బావి నీళ్లతోనే పప్పు వండి పెడతా."

ఆయన పెద్దగా నవ్వారు. తర్వాతి సమావేశాల్లో మళ్లీ ప్రశ్న వేశారు. ఆఫీసరు తాగిన నీళ్లు ఎక్కడివి, ఎవరు తోడారు, ఆయన ఆ ఊళ్లో భోజనం చేశారా అని అడిగారు. సభ మళ్లీ నవ్వింది. మంత్రిగారూ నవ్వి, మరోసారి విచారణ చేయిస్తామని మాట ఇచ్చారు.

ఈసారి వేరే ఆఫీసరు చెప్పాపెట్టకుండా దిగాడు. ముగ్గులు లేవు, తోమిన బిందె లేదు. ఆదిశేషమ్మ ఆయన కళ్ల ముందే బావి నీళ్లు తోడి, పప్పు ఎసట్లో వేసింది. ఆయన ఇల్లిల్లూ తిరిగి మాలకొండయ్య మోకాళ్లు చూశాడు, దేవకిని నడిపించి చూశాడు. తిరిగి వచ్చేసరికీ పప్పు పలుకుపలుకుగానే ఉంది. విస్తరి ముందు ఆయన పటపట నములుతుంటే ఓబులమ్మ సిగ్గుతో తలుపు చాటుకు పోయింది.

"పోనీ అవ్వా, నాకు పళ్లు గట్టివే," అని ఆయన నవ్వి, సీసాలో నీళ్లు పట్టుకుపోయాడు.

మరుసటి వేసవిలోపు వాగు ఒడ్డున రాతికట్టు బావి లేచింది. పల్లెకు కాస్త దగ్గరగానే, చెలమ కన్నా తియ్యటి నీళ్లు పడ్డాయి. మాలకొండయ్య మోకాళ్లు మళ్లీ వంగలేదు. ఆ దుఃఖం తీరేది కాదు. దేవకి మాత్రం కాళ్లనొప్పులు మరిచి మేకపిల్లల వెంట పరుగెత్తింది. ఆ పరుగు చూస్తూ తల్లి కడుపునిండా అన్నం తిన్నది. ఓబులమ్మ కూడా వచ్చినవాళ్లందరికీ, బావి తన కోడలి పప్పుతో వచ్చిందని చెప్పుకునేది.

ఈ కబురు విని కలువాయి వైపు నుంచి కొందరు ఆడవాళ్లు ఆదిశేషమ్మ దగ్గరికి వచ్చారు. తమ ఊరి బడికొట్టం కూలిపోతోందనీ, ఎమ్మెల్యే గారు సభలో అడిగారనీ, విచారణకు ఆఫీసరు వస్తున్నాడనీ చెప్పారు. ఆయన్ను ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏం మర్యాద చెయ్యాలి అని అడిగారు.

"ఆ కొట్టంలోనే కూర్చోబెట్టండమ్మా, మీ బిడ్డలు కూర్చునే చోటనే," అన్నది ఆదిశేషమ్మ. "సభలో అడిగేదానికి ఎమ్మెల్యే గారుండారు. ఉన్నది ఉన్నట్టు చూపించాల్సింది మనమే."

ఇది రాసింది ముప్పాళ్ల రోశమ్మ, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది ఆత్మకూరులో, చిన్న కూతురి ఇంట్లో.