తోడికోడలి ఒప్పుదల

కొత్త నియమం విన్నప్పటి నుంచి పెద్ద డాక్టరమ్మకు ఒళ్లు మండుతోంది. ప్రాణం మీదికి వస్తే సరే, లేదంటే సిజేరియన్‌కు ముందు ఇంకో డాక్టరు కూడా చూసి సరేననాలట! ఆ ప్రసూతి ఆసుపత్రిలో ఇంకో డాక్టరంటే ఎవరు? సాక్షాత్తూ ఆవిడ తోడికోడలే. మేడ మీద బట్టలారేసే తీగ దగ్గర మొదలైన మాటామాటా ముదిరి, ఇద్దరికీ మాటల్లేక చాన్నాళ్లయింది.

"పోయి పోయి దాన్ని అడగాలా?" అని ఇంట్లో భర్త మీద ఎగిరింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు ఉదయమే తొలిచూలు అమ్మాయి ఒకతె నొప్పులతో వచ్చింది. మధ్యాహ్నమైనా కాన్పుది నత్తనడకే. మామూలుగా అయితే పెద్ద డాక్టరమ్మ ఈపాటికి థియేటర్ సిద్ధం చేయమనేది. ఎదురుచూడటం ఆవిడ వంటికి పడదు. తలుపు దాకా వెళ్లింది. వరండా అవతల తోడికోడలి గది కనబడగానే గిరుక్కున వెనక్కి తిరిగింది.

"బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందా?" అని నర్సును అడిగింది.

"బ్రహ్మాండంగా ఉందండీ."

"అయితే కాసేపు చూద్దాం. అమ్మాయ్, లేచి అటూ ఇటూ నడువు."

పొద్దు వాలేసరికి, కోత లేకుండానే, ఆడపిల్ల కేరుమంటూ బయటికొచ్చింది.

అలా పంతం కొద్దీ ఆగిన కాన్పులు ఒకదాని తర్వాత ఒకటి సుఖంగా అవుతుంటే, ఆవిడకు సంతోషంతో పాటు మనసులో ఏదో గుచ్చుకోసాగింది. ఇన్నేళ్లూ ఎంతమంది విషయంలో తొందరపడిందో!

ఓ రోజు ఇంకో గర్భిణి వచ్చింది. ఎంతసేపు చూసినా బిడ్డ తల కిందికి దిగడం లేదు. ఈసారి వరండా దాటడానికి పెద్ద డాక్టరమ్మ కాళ్లు మొరాయించలేదు.

"ఒకసారి వచ్చి చూస్తావా?"

చిన్న డాక్టరమ్మ చటుక్కున లేచింది. వెళ్లి పరీక్ష చేసి, "ఇక ఆగకూడదక్కా. ఆపరేషన్ చేసేద్దాం. నేనూ ఓ చెయ్యి వేస్తాను" అంది.

తల్లీబిడ్డా క్షేమం. చేతులు కడుక్కుంటూ చిన్నావిడ అడిగింది.

"అవునక్కా, నియమం వచ్చాక నువ్వు నా దగ్గరికి రావడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ ఒక్క కేసుకీ అవసరం పడలేదా? ఏం మంత్రం వేశావ్?"

"మంత్రమా పాడా! నీ మొహం చూడాల్సొస్తుందని ఆగాను. మరి నువ్వూ నన్ను పిలవలేదుగా?"

చిన్నావిడ కుళాయి కట్టేసింది. "నేనూ... అందుకే ఆగానక్కా."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ తర్వాత వాళ్ల నవ్వులకు నర్సు కంగారుగా తలుపు తోసుకొచ్చింది.