ఒక్కరి కోసం తగ్గించిన దెబ్బ

బుల్లిబాబుది అమలాపురం దగ్గర పల్లె. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, మదీనాగూడలో అద్దె ఇల్లు. నలుగురిలో నోరు విప్పడం చేతకాని మనిషి. అలాంటివాడు ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో బల్ల ముందు కూర్చుంటే మాత్రం కోటలు కట్టేవాడు, రాక్షసుల్ని పుట్టించేవాడు. ఆఫీసులో నేర్చుకున్న పాచికల ఆట అది. ఒకరు కథ నడుపుతారు, ఇక్కడ అది బుల్లిబాబు పని; మిగతావాళ్ళు తలా ఒక వీరుడై ఆ కథలో తిరుగుతారు. గెలిచేకొద్దీ వీరుడి లెవెల్ పెరుగుతుంది. దానితోపాటు రాక్షసుడి దెబ్బ కూడా పెరగాలి, లేకపోతే భయమూ ఉండదు, ఆటలో రుచీ ఉండదు. ఆ తూకం కుదర్చడంలో బుల్లిబాబు దిట్ట.

మొదట్లో నలుగురు వచ్చేవారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన నాటికి క్యాంటీన్‌లో టేబుళ్ళు కూడా ప్రాంతాల వారీగా విడిపోయాయి. ఒకడు అలిగి మానేశాడు, ఒకడు మనకెందుకొచ్చిన గొడవలే అని మానేశాడు, ఇంకొకడు బెంగళూరు వెళ్ళిపోయాడు. మిగిలింది ప్రవళిక. జనగామ పిల్ల, అదే ఆఫీసు, చందానగర్‌లో అన్నావదినల దగ్గర ఉంటుంది. నడిరోడ్డు మీద వంటావార్పుకి వెళ్ళి పొయ్యి ముట్టించిన మనిషి, ఆదివారం కాగానే ఆటకి వచ్చేది. వారం మొత్తంలో బుల్లిబాబుతో పనికి సంబంధం లేని మాట మాట్లాడేది ఆమె ఒక్కతే.

చిక్కు ఎక్కడంటే, ఆ రాక్షసులంతా నలుగురికి సరిపడా తయారైనవాళ్ళు. నలుగురూ పంచుకోవలసిన దెబ్బలు ప్రవళిక ఆడే విలుకత్తె ఒక్కదాని మీదే పడితే ఇంకేముంది? తెలివైనవాడైతే రాక్షసుణ్ణే చిన్నవాణ్ణి చేసి, ఆ సంగతి చెప్పేస్తాడు. మనవాడు పిజ్జా పెట్టెని అడ్డంగా నిలబెట్టి, దాని వెనక పాచికలు వేసి, ఎంత పడ్డా సగం చేసి చెప్పడం మొదలుపెట్టాడు. విలుకత్తె చచ్చిపోతే ప్రవళిక కూడా రావడం మానేస్తుందని అతని బెంగ.

ఆ ఆదివారం కూడా పాచికలు వేసి, "చిన్న దెబ్బేనండి, గీసుకుందంతే" అన్నాడు. అప్పుడే మంచినీళ్ళ సీసా కోసం లేచిన ప్రవళిక పెట్టె పైనుంచి చూసింది.

"ఏంది బుల్లిబాబు, గంత పెద్దగ పడితే గింతే అంటవ్?"

అతను పెట్టెని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"ఎన్ని దినాల సంది గిట్ల జేస్తున్నవ్?"

"మిగతావాళ్ళు మానేసినప్పటి నుంచండి."

ఆమె కూర్చుంది. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది. "వంటావార్పుకు పోయొచ్చినకాడికెళ్ళి ఆఫీసుల అందరు నాతోని జర చూస్కొని మాట్లాడుతున్నరు, నేనేమనుకుంటనో అని. మా వోళ్ళేమో ఆంధ్రోళ్ళింటికి ఎందుకు పోతున్నవని అడుగుతరు. ఈడ ఒక్క తాన్నే దెబ్బ తగిలితే తగిలినట్టు ఉంటదనుకున్న. నువ్వు గూడ గంతేనా?"

బుల్లిబాబుకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పిజ్జా పెట్టె తీసి కింద పడేశాడు. ఆమె కళ్ళ ముందే మళ్ళీ పాచికలు వేసి, పడ్డది పడ్డట్టు చెప్పాడు. రెండేళ్ళుగా పెంచుకున్న విలుకత్తె అక్కడికక్కడే కూలిపోయింది.

ప్రవళిక విలుకత్తె లెక్కలు రాసుకున్న కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత ఖాళీ కాగితం ఒకటి ముందుకు లాక్కుంది. "ఇగ మల్ల మొదటి లెవెల్ నుంచే గదా. గంత దాంక ఎదగాలంటే ఇంకో రెండేండ్లు. ఉంటవా ఈడ?"

ఆ మాట ఆఫీసులో ఇంకెవరైనా అడిగి ఉంటే దెప్పిపొడుపనుకునేవాడు. ఈమె ఉండమని అడుగుతోంది. ఎలాగూ ప్రవళిక కూడా మానేస్తుంది, అప్పుడు ఈ ఊళ్ళో ఒక్కణ్ణీ ఏం చేస్తాననుకుని, అతను అప్పటికే చెన్నైకి బదిలీ పెట్టుకున్నాడు. శుక్రవారమే అది మంజూరైంది. చూద్దాంలెండి అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఉండనండి. చెన్నైకి బదిలీ అడిగాను, ఇచ్చేశారు. వచ్చే నెల వెళ్ళాలి."

"ఎవలన్న పొమ్మన్నరా?"

"ఎవరూ అనలేదండి. మీరు కూడా మానేస్తారనుకున్నాను."

"నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గదా" అందామె. కాగితం అక్కడే వదిలి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

బుల్లిబాబు గుమ్మం దాకా వెళ్ళాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. ఉండమని అడిగిన మనిషికి ఉండనని చెప్పాక, ఇంకేం చెప్పి పిలవాలో అతనికి తోచలేదు.