మంచం వెనకవైపు పట్టిందెవరు

మంచం నులక బిగించాలి. మనిషి జారకుండా పట్టెలకు అడ్డంగా తాళ్ళు కట్టాలి. ఆధార్ కార్డు, ఆసుపత్రి కాగితాలు సంచిలో పెట్టాలి. సీసాలో నీళ్ళు, తలకు తడిగుడ్డ. పన్నెండింటికి ఎండిన వంక అవతలి గట్టుకు 108 బండి వస్తుంది. ఆలోపల మోసేదానికి నలుగురిని చూడాలి.

ఆ చివరిది తప్ప త్రివేణి అన్నీ చేసింది.

ఆరేళ్ళ కిందట చింతకాయలు దులుపుతూ చెట్టు మీద నుంచి పడినప్పటి నుంచి ఆమె నాయన మారెప్పకు నడుము కింద స్పర్శ లేదు. ఇప్పుడు వీపు కింద పడకపుండు కుళ్ళింది. ఒళ్ళు మూడు రోజులుగా పెనంలా కాలుతోంది. విషం రక్తంలోకి పోతోందని, ఈ పొద్దు దాటితే బతకడని నర్సమ్మ చెప్పింది. వంక మీది మోరీ, ఆ చిన్న వంతెన, కూలిపోయింది, బండి ఊర్లోకి వచ్చే దారి లేదు. వయసులో ఉన్న మగవాళ్ళంతా బెంగళూరులో సిమెంటు పనుల్లో ఉన్నారు.

గొర్రెలు మేపే హజరత్ వలి అడగకముందే వచ్చాడు. చిన్నాయన బయ్యన్న మాత్రం గడప బయటే నిలబడ్డాడు.

"బతికుండేవాన్ని భుజాలకెత్తుకోని ఊరు దాటిస్తారా పాపా? సచ్చినోన్ని మోసినట్ల! ఎవురొస్తారు?"

"యేసయ్య దగ్గరికి పక్షవాతం మనిషిని నలుగురు మోసుకుపోలేదా చిన్నాయనా? మిద్దె పెరికి మరీ దింపినారు."

"అయితే ఆ నలుగుర్నే పిల్సుకో. పేర్లు చెప్పు, నేనే ఫోన్ చేస్తా."

పోయిన ఆదివారం సండే స్కూల్లో పిల్లలు కూడా త్రివేణిని అదే అడిగారు. సువార్తలో ఆ పేర్లు రాయలేదని చెప్పి, పాఠం ముగించి, డిగ్రీ చదివిన పిల్ల బాగా చెప్పిందని అందరూ అంటుంటే సంతోషపడి ఇంటికొచ్చింది.

"యాల పాపా వాన్ని బలవంతం చేసేది," లోపలినుంచి మారెప్ప మూలిగాడు. "నన్ను దొర్లించుకోని పోండి. దావంతా దిగువే కదా."

బయ్యన్న ముఖం తిప్పుకున్నాడు. తలగుడ్డ బిగించాడు. "సరే, ఎనక నేనొకన్నే పడతా. ముందరుంటే అందురూ నా మొగమే సూస్తారు."

ముందు ఎడమ పట్టె త్రివేణి, కుడి పట్టె వలి. వెనక, కాళ్ళ వైపు అడ్డపట్టెను బయ్యన్న రెండు చేతులతో భుజాల దాకా ఎత్తాడు. వీధిలో తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఒక కుక్క కూడా మొరగలేదు. వలి గొర్రెలు మాత్రం అలవాటు కొద్దీ వెంట వచ్చాయి.

వంకలో ఇసుక నిప్పుల్లా ఉంది. నడిమధ్యకు వచ్చేసరికి, కంపలు ఏరుతున్న సుబ్బలక్ష్మమ్మ అవ్వ మంచం చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో మారెప్పా! పోతివా నాయనా!"

బతికే ఉన్నానని చెప్పడానికి మారెప్పకు గొంతు రాలేదు. అప్పుడే ఎదురుగా సుడిగాలి లేచింది. త్రివేణి కళ్ళు మూసుకుంది. మంచం ఒక్కసారి వెనక్కి గుంజినట్లయింది. ఆ వెంటనే తేలికైంది.

"బాగా ఎత్తినావు బయ్యన్నా!" అన్నాడు వలి.

వెనకనుంచి జవాబు లేదు. ఆయాసం కూడా వినపడలేదు.

"పాపా," మారెప్ప గొంతు పెగిలింది. "నా మడమ ఎవురో పట్టుకున్న్యారు. చెయ్యి సల్లగా ఉండాది."

ఆరేళ్ళుగా ఆ మడమలో సూది గుచ్చినా ఆయనకు తెలిసేది కాదు. త్రివేణికి తిరిగి చూడాలనిపించింది. చూస్తే ఆ చెయ్యి వదిలేస్తుందేమోనని భయమేసింది. "యేసయ్యా, యేసయ్యా" అనుకుంటూ నడిచింది.

గట్టు మీద దించినప్పుడు మంచం ముందు కోళ్ళు దబ్బున నేలకు తాకాయి. వెనక కోళ్ళు పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా నేలకు ఆనాయి.

ఆమె తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. దూరంగా, వంక నడిమధ్యలో, బయ్యన్న తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

గొర్రెలు మంచం వెనక రెండుగా చీలి నిలబడ్డాయి. నడుమ మనిషి పట్టేంత జాగా. అన్నీ ఆ ఖాళీ వైపే తలలెత్తి చూస్తున్నాయి.

"మనిషి నిలబడితేనే అట్ల దావ ఇడుస్తాయి పాపా," అన్నాడు వలి, గొంతు తగ్గించి.

మారెప్ప బతికాడు. నలభై రోజులకు పుండు మానింది. లేచి నడవలేదు, నడిచాడని రాస్తే అబద్ధమవుతుంది. కానీ కుడి మడమ మీద అరచెయ్యంత మేర ఇప్పటికీ ఆయనకు స్పర్శ తెలుస్తుంది. డాక్టరు సూది గుచ్చినప్పుడు "అబ్బా!" అన్నాడు. డాక్టరు ఇంకో రెండుసార్లు గుచ్చి చూశాడు.

మంచం మోసిన మూడో రోజే బయ్యన్న ఆసుపత్రికి వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, అందురూ అనుకున్నట్ల నేను జారి పడల్యా. ముసల్ది ఏడ్చేకొద్దీ నిజంగానే పీనుగను మోస్తాండాననిపించింది. బయపడి వదిలేసినా."

"నాకు తెలుసులేరా," అన్నాడు మారెప్ప. "నిలబడుకోనుండావేమి? కూచో. ఈ బన్ను తిను."

"లేచి నడువు" అనకముందే ప్రభువు ఆ పక్షవాయువు గలవానితో "నీ పాపములు క్షమింపబడియున్నవి" అన్నాడు. అది ముందెందుకు చెప్పాడో, చిన్నాయన బన్ను నమలలేక ఏడుస్తుంటే త్రివేణికి అర్థమైంది. తరువాతి ఆదివారం పిల్లలకు ఆమె పేర్ల సంగతి చెప్పలేదు. ఎవరి మంచానికి ఏ మూల ఖాళీగా ఉందో చూసి రమ్మంది.

ఇప్పుడు ఆ ఊర్లో ఎవరి మంచం ఎత్తాల్సి వచ్చినా బయ్యన్నే ముందు వస్తాడు. వెనకవైపే పడతాడు. మధ్యమధ్యలో ఒక చెయ్యి తీసి, పక్కన గాలిని తడిమి చూస్తాడు.

మీరు ప్రార్థనకు మోకరించినప్పుడు బయ్యన్నను జ్ఞాపకం చేసుకోండి.