నాలుగు శ్రుతి

కర్నూలు పాతబస్తీలో వీరభద్ర కొట్టుకు బోర్డు లేదు. పని ఉన్నవాడు వెతుక్కుంటూ వస్తాడు, పని లేనివాడికి నా పేరెందుకు అంటాడాయన. హార్మోనియం, డోలక్, పదిహేనేళ్లుగా గిటారు కూడా, ఏది చెడినా ఆ గుమ్మమే ఎక్కాలి. పని గొప్పది, నోరు చెడ్డది. తెచ్చిన వాద్యాన్ని చూడకముందే తెచ్చినవాణ్ణి తిట్టేస్తాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. లేదప్పా, నాలుగున్నాయి అని చూపించబోయినవాళ్లెవరూ ఆ గుమ్మం మళ్లీ ఎక్కలేదు.

ఆ మనిషికి రెండింటి మీద గర్వం. ఒకటి తన చెయ్యి, రెండోది చెల్లెలు భీమక్క గొంతు. తల్లి పోయాక పదేళ్ల పిల్లను హార్మోనియం ముందు కూర్చోబెట్టి తత్వాలు నేర్పింది ఆయనే. భీమక్క ఐదున్నర శ్రుతిలో పాడేది. ఆ ఎత్తులో గంటసేపు పాడమంటే చాలామంది రెండో పాటకే నీళ్లడుగుతారు. ఆమె ఏడు పాటలు పాడి లేచి, అన్నా ఆకలైతాంది అనేది. ఎక్కడైనా ఒక పాటగత్తె వయసు మీదపడి శ్రుతి తగ్గించుకుందని తెలిస్తే వీరభద్ర ఊరుకునేవాడు కాదు. "శ్రుతి దిగినంక స్టేజీ దిగల్ల. ఇంట్లో కూచోని రొట్టెలు కొట్టుకోవల్ల" అని చెల్లెలి ముందే పదిసార్లు అని ఉంటాడు. ఆయనకది మామూలు మాట. విన్నవాళ్లకు ఎక్కడ దిగబడిందో చూసుకునే అలవాటు ఆయనకెప్పుడూ లేదు.

భీమక్కను ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర పనిచేసే సోమన్నకు ఇచ్చారు. సోమన్న గిటారు వాయిస్తాడు. భజనలో గిటారేందప్పా అని మొదట్లో నవ్విన ఊళ్లే తర్వాత మొగుడూ పెళ్లాలిద్దర్నీ కావాలని పిలిపించుకున్నాయి. సోమన్నకు వచ్చిన వేళ్ల పట్లు నాలుగైదే. అందుకని పట్లు మార్చకుండా, భీమక్క శ్రుతికి తగ్గట్టు తీగలన్నిటినీ పైకి బిగించుకుని వాయించేవాడు. దానికి సరిపడేలా ఆ గిటారు మెడను ఆరేళ్ల కిందట సరిచేసి ఇచ్చింది వీరభద్రే.

అలాంటిది, ఎనిమిది నెలలుగా చెల్లెలి గొంతు ఆయన చెవిన పడలేదు. ఫోను చేస్తే సోమన్నే ఎత్తేవాడు. పండుకుందనో, జలుబు చేసిందనో, గుడికి పోయిందనో ఏదో ఒకటి చెప్పేవాడు. బస్సెక్కి ఎర్రగుంట్ల పోయి చూసొస్తే ఒక్క రోజులో తేలిపోయేది. కానీ పిలవని ఇంటికి పోయేదేందని ఆయన పంతం. ఇంతలో సిమెంటు లారీ తోలే కంబన్న టీ తాగుతూ ఒక కబురు పారేసి పోయాడు.

"మీ సోమన్న పక్కన ఇప్పుడు పాడేది శ్రావణి అంట గదప్పా. ఇరవై ఏండ్లుంటాయేమో. మీ చెల్లెలు యాడా కనబడ్డమే లేదు."

నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాడు వీరభద్ర. ఆ పొగ లోపల అలాగే పెట్టుకుని నెల తిరిగాడు.

అప్పుడు, ఒక గురువారం మధ్యాహ్నం, సోమన్న గిటారు సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. మనిషి చిక్కాడు. బయట ఎండ పెనం మీద నీళ్లు చల్లితే చుయ్యిమనేలా ఉంది.

"బావా, ఇది గర్రుమంటాండాది. శనివారం అహోబిలంలో ప్రోగ్రాం ఉండాది. ఎట్లన్నా సేసియ్యి."

వీరభద్ర గిటారు అందుకున్నాడు. తీగలు వదులుగా వేలాడుతున్నాయి. ఎవరు దించారివి అని గొణుక్కుంటూ, అలవాటు కొద్దీ ఐదున్నరకు బిగించాడు. ఒక్కో మెట్టు మీదా వేలు నొక్కి మీటుతూ పోయాడు. తీగ గంటలా పలికింది.

"దీనికేం లేదు. నీ చెవులే సెడినాయి."

"ఆ శ్రుతిలో కాదు బావా. నాలుగుకు దించి సూడు."

వీరభద్ర దించాడు. మీటాడు. మొదటి మెట్టు నుంచి ఐదో మెట్టు దాకా ప్రతి స్వరం వెంటా గర్రుమని రేకు చప్పుడు. మొదటి మెట్టూ చివరి మెట్టూ నొక్కిపట్టి, నడుమ తీగకూ మెట్టుకూ సందెంత ఉందో చూశాడు. విజిటింగ్ కార్డు దూరాలి. సిగరెట్టు కాగితం కూడా దూరేలా లేదు.

జబ్బేమిటో ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. గిటారు మెడ లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది. తీగలు మెడను ముందుకు లాగుతుంటే కడ్డీ వెనక్కు లాగుతుంది. ఇద్దరి బలమూ సమానంగా ఉన్నంతకాలం మెడ చెప్పినట్టు వింటుంది. ఐదున్నర బిగువుకు సరిపోయేలా కట్టిన కడ్డీ అది. ఇప్పుడు తీగలు వదులైతే ముందుకు లాగేవాళ్లు లేక మెడ వెనక్కు వాలింది, తీగలు మెట్ల మీద పడుకున్నాయి. కడ్డీని అరతిప్పు వదులు చేసి, కింద తీగలు ఆనే ఎముకను గోరంత ఎత్తు పెంచి, ఒక రాత్రి కదలకుండా ఉంచితే సరిపోతుంది. ఆయన కళ్లు మూసుకుని చేసే పని.

కానీ నాలుగు శ్రుతి ఎవరికి? భీమక్క నాలుగులో పాడదు. ఐదుకే దిగని మనిషి నాలుగుకెందుకు దిగుతుంది?

"ఎవరు పాడ్తాండారు శనివారం?" అన్నాడు.

సోమన్న గోడకు వేలాడే హార్మోనియం తిత్తుల వైపు చూశాడు. "ప్రోగ్రాం అట్ల పడింది బావా."

"భీమక్క యాడుండాది?"

"ఇంట్లోనే. బాగనే ఉండాది."

"నేనొస్తా శనివారం."

"వద్దులే బావా, ఈ ఎండలకు నువ్వేంటికి!" అన్నాడు సోమన్న. ఆ మాట మరీ తొందరగా వచ్చింది. అబద్ధమాడటం చేతకాని మనిషి దాచాలని చూస్తే నిజం కంటే ఘోరంగా కనిపిస్తుంది. వీరభద్రకు ఒళ్లు మండిపోయింది. చెల్లెలి పక్కన వాయించిన గిటారును, తను బిగించిన గిటారును, ఇంకొకదాని గొంతుకు సరిచేయమని తన చేతికే తెచ్చిస్తాడా! నా చెల్లెలిని ఇంట్లో పారేసి, నా గుమ్మమే ఎక్కుతాడా!

"పోయి టీ తాగిరాపో" అన్నాడు మామూలుగా.

సోమన్న వీధి దాటగానే డ్రాయరులోంచి ఆ కడ్డీని తిప్పే అలెన్ కీ తీశాడు. గిటారు నోట్లోంచి లోపలికి పోనిచ్చి కడ్డీ తల పట్టుకున్నాడు. వదులు చేయాల్సినదాన్ని అరతిప్పు బిగించాడు. బిగించేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఇన్నేళ్ల చెయ్యి కదా. అయినా బిగించాడు. అగరబత్తి డబ్బా అట్ట ముక్క రెండు మడతలు పెట్టి ఎముక కింద తోశాడు. దాంతో తీగలు లేచాయి, చప్పుడు పోయింది. ఆ అట్ట ఎండలో తీగల బరువుకు ఎంతసేపు నిలుస్తుందో ఆయనకు తెలుసు. కొయ్య అప్పటికప్పుడు పూర్తిగా లొంగదు, ఒకటి రెండు రోజులు తీసుకుని వంగుతుంది. శనివారం సాయంత్రానికి మెడ పూర్తిగా వెనక్కు పోతుంది. రెండో పాటకో మూడో పాటకో అట్ట అణిగిపోతుంది. అప్పుడు జనం ముందు ఆ పిల్ల పక్కన కూచోని కుక్కలా గుర్రుమనిపించుకోనీ అనుకున్నాడు.

టీ తాగి వచ్చిన సోమన్న అక్కడే కూర్చుని నాలుగులో వాయించి చూసుకున్నాడు. ఎక్కడా చప్పుడు లేదు. మొహం వెలిగిపోయింది.

"శనివారం దాకా సంచీలోంచి తీయొద్దు. దాని పాటికి దాన్ని వదిలెయ్" అన్నాడు వీరభద్ర.

"నీ చెయ్యి పడింది గదా బావా. ఇంక నాకేం బయం లేదు" అన్నాడు సోమన్న, దండం పెట్టి మరీ.

ఆ కొట్టులోంచి తెలిసి తెలిసి చెడ్డపని బయటికి పోవడం అదే మొదలు. వీరభద్రకు ఆ రోజు అన్నం బాగానే సయించింది. అదీ చెప్పాలి.

శనివారం ఆయన అహోబిలం పోయాడు. వద్దన్నాడు కాబట్టే పోయాడు. తిరునాళ్ల జనం ఇంకా పలచబడలేదు. సత్రం ఆవరణలో షామియానా కింద మూడొందల మంది దాకా కూర్చున్నారు. వీరభద్ర వెనక నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. వేదిక మీద సోమన్న గిటారు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. పక్కన తాళాలు పట్టుకుని ఒక పిల్ల కూర్చుంది. శ్రావణి అదేనన్నమాట అనుకుని, పళ్లు బిగించి, ఎప్పుడు మొదలవుతుందా అని చూశాడు.

సత్రం పెద్దమనిషి మైకు అందుకున్నాడు. "మన భీమక్క ఒంట్లో బాగలేక ఎనిమిది నెలల్నుంచి పాడలేదు. మల్లీ పాడాలంటే ఈ స్వామి ముందరే పాడతానని మొక్కుకునిందంట. ఇంతకాలం ఆమె పాటలు నిలబెట్టిన శ్రావణి కూడా ఈడే ఉండాది. రామ్మా భీమక్కా."

మెడ చుట్టూ కొంగు కప్పుకుని, మెట్లెక్కి, భీమక్క వచ్చి మైకు ముందు కూర్చుంది.

వీరభద్ర డ్రమ్ము అంచు పట్టుకున్నాడు.

ఆమె పాడింది. నాలుగు శ్రుతిలో. అది ఆయన నేర్పిన గొంతు కాదు. ఆ పాత గొంతు ఎక్కడో పైన తళుక్కుమని మెరిసేది, ఇది కింద నుంచి వచ్చి మనిషి పక్కన కూర్చుంటోంది. ముందు వరసలో ముసలివాళ్లు కళ్లు మూసుకున్నారు. పాట అయిపోయాక కళ్లు తెరిచి చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లూ తను తిట్టిన కింది శ్రుతిలో ఇంత పాట ఉందని వీరభద్రకు యాభై రెండో ఏట తెలిసింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే అట్టముక్క గుర్తొచ్చి ఆ నీళ్లు అక్కడే ఎండిపోయాయి.

రెండో పాట రెండో చరణంలో గిటారు గర్రుమంది. సోమన్న వేలు ఇంకా గట్టిగా నొక్కాడు. ఇంకా గర్రుమంది. పెద్ద స్పీకర్లు ఆ రేకు చప్పుడును సత్రమంతా చల్లాయి. భీమక్క ఉలిక్కిపడింది. ఆ చప్పుడు తన గొంతులోంచే వస్తోందనుకుందేమో, చేత్తో మెడ తడుముకుంది. దాన్ని దాటిపోవాలని పాత ఐదున్నర వైపు ఎక్కబోయింది. సగంలో గొంతు పగిలింది. ఎవడో కుర్రాడు ఈల వేశాడు. వాడి పక్కవాళ్లు నవ్వారు.

గిటారు ఆపప్పా, ఉత్త గొంతుతో పాడనీ అని వీరభద్ర ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ కేకేస్తే నీకెట్ల తెలుసని అడుగుతారు. ఊరందరినీ తిట్టిన నోరు ఆ ఒక్కసారి పెగల్లేదు. పెద్దమనిషి సైగ చేశాడు, మైకు శ్రావణి ముందుకు జరిగింది. భీమక్క లేచి, ఎవరి వైపూ చూడకుండా, వెనక మెట్లు దిగిపోయింది.

ఆయన వెళ్లేసరికి సత్రం వెనక అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎప్పుడొచ్చినావన్నా?" గొంతు బొంగురుగా ఉంది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి తనే చెప్పుకుంది. గొంతులో కాయలు లేచాయట. ఆర్నెల్లు మాట్లాడొద్దన్నాడట డాక్టరు. కాయలు కరిగాక చూసుకుంటే పై శ్రుతి పోయింది. "ఆయప్పను నేనే చెప్పొద్దన్న్యా. నీకు తెలిస్తే స్టేజీ దిగమంటావని బయమన్నా. ఈ పొద్దు బాగా పాడితే, రేపు నేనే వచ్చి నీ ముందర పాడల్లనుకున్న్యా."

వేదిక మీద శ్రావణి తాళాలతోనే పాట ఎత్తుకుంది. సోమన్న గిటారు పట్టుకుని పరుగున వచ్చాడు. "బావా, ఇన్న్యావు గదా! గిటారే గర్రుమన్నెది. ఈమె గొంతు కాదు, నువ్వన్నా చెప్పు!"

"గిటారునేం అనొద్దు. మా అన్న సూసిచ్చినంక అది గర్రుమనదు" అంది భీమక్క. సోమన్న గిటారు వైపు చూశాడు, బావ వైపు చూశాడు. ఇన్నేళ్లుగా ఆ చేతిని నమ్మినవాడు, తల దించుకున్నాడు.

భీమక్క అన్న మొహంలోకి చూసింది.

"నీకు చెవి ఉండాదన్నా. నువ్వు ముఖస్తుతి చెప్పే మనిషివి కాదు. నువ్వు చెప్పు. తప్పు గిటారుదా, నా గొంతుదా? గిటారుదంటే మల్లీ పాడతా. గొంతుదైతే ఈ పొద్దుతో ఇడిసిపెడతా."

నేనే చేసినా, అట్ట పెట్టినా అనే మాట ఆయన నాలుక మీదే ఉంది. అంటే చెల్లెలికి పాట మిగులుతుంది. ఆయనకు చెల్లెలు మిగలదు, చెయ్యి మిగలదు, ఆ గుమ్మం ఎక్కేవాడు మిగలడు. భీమక్క ఎదురుచూస్తోంది.

"గొంతుదేమ్మా" అన్నాడు వీరభద్ర.

భీమక్క తల ఊపింది. ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, పొద్దున బస్సులో తెచ్చుకున్న సంచీ ఎత్తుకుంది.

"నువ్వు గాబట్టి నిజం చెప్పినావన్నా" అని, మొగుడి వెనకాలే బస్టాండు వైపు నడిచింది.