అడగని బదిలీ

అప్పగింత జాబితా రాయడం గుడి ఆఫీసు చూసుకునే ఆఫీసమ్మకి ఇది ఐదోసారి. నాలుగైదేళ్ళకోసారి బిషప్‌గారి దగ్గర్నుంచి బదిలీ కాగితం వస్తుంది. వెళ్ళే ఫాదర్‌గారు ఇక్కడ పెట్టె సర్దుకుంటారు, వచ్చే ఫాదర్‌గారు ఇంకెక్కడో పెట్టె సర్దుకుంటారు, మధ్యలో గుడి గుడంతా కాగితం మీదికెక్కించేది ఈవిడ. పూజ పాత్రలు, జ్ఞానస్నానాల రిజిస్టర్లు, బీరువా తాళాలు, ఆఖరికి కాలు విరిగిన మైకు స్టాండు కూడా. అన్నీ రాసి, కింద ఇద్దరు ఫాదర్ల సంతకాలకీ రెండు గీతలు గీస్తుంది. తన సంతకానికి గీత ఉండదు. పందొమ్మిదేళ్ళలో ఎవరికీ తోచలేదు, ఆవిడకీ తోచలేదు.

పైకి చెప్పుకోదు గానీ, ఈ విచారణకి, అంటే ఈ గుడికీ దాని కిందున్న ఇళ్ళన్నిటికీ, వచ్చిన గురువులందరినీ తయారుచేసింది తానేనని ఆవిడకి గట్టి నమ్మకం. అందులో అబద్ధమేం లేదు. కొత్త ఫాదర్‌గారు మంచం పట్టినవాళ్ళకి సత్ప్రసాదపు అప్పం తీసుకెళ్ళాలంటే ఏ ఇల్లు ముందో, ఏ ముసలమ్మకి గొంతు దిగదు కాబట్టి పావు ముక్కే చెంచాడు నీళ్ళతో ఇవ్వాలో, ఏ అన్నదమ్ములకి మాటల్లేవు గనుక రెండు గుమ్మాలూ విడివిడిగా ఎక్కాలో, ఇదంతా ఏ రిజిస్టరులోనూ లేదు. ఆవిడ బుర్రలో ఉంది. ఆర్నెల్లు పక్కన నడిచి నేర్పుతుంది. ఏడాది తిరిగేసరికి “ఫాదర్‌గారికి మనమంటే ఎంత జ్ఞాపకమో!” అని జనం మురిసిపోతారు, ఫాదర్‌గారూ మురిసిపోతారు. సొమ్మొకడిది, సోకొకడిది అని లోలోపల నవ్వుకుంటూ ఆవిడ ఇల్లు చేరుతుంది. ఇంట్లో అత్తగారు, “పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే వచ్చావుగా, ఆ అంట్లు నీకోసమే చూస్తున్నాయి” అంటుంది.

ఆ గురువారం సాయంత్రం మాత్రం అత్తగారు అంట్ల ఊసే ఎత్తలేదు. పెద్ద గిన్నెలన్నీ ఒకదాన్లో ఒకటి పెట్టి గోనెసంచిలో కుక్కుతోంది.

“ఇదేంటత్తయ్యా?”

“ముందు పెద్దవి సర్దేస్తే ఒక పనైపోతుంది. అక్కడ వంటిల్లు దీనికి రెండింతలట!”

“ఎక్కడ?”

అత్తగారు కొడుకు వైపు చూసింది. ఆయన ఎలక్ట్రీషియన్. విప్పేసిన స్విచ్‌బోర్డు మీంచి తలెత్తకుండానే, “నీకు చెప్పలేదూ? ఫాదర్‌గారు కొత్త విచారణకి నిన్ను కూడా తీసుకెళ్తానన్నారు. ఆఫీసంతా నువ్వే చూసుకోవాలి. గుడి వెనకే ఇల్లిస్తారు, నాకు లైట్లూ మైకులూ చూసే పని. సరేనన్నాను” అన్నాడు.

“ఎప్పుడు?”

“మొన్న ఆదివారం, పూజయ్యాక.”

“నన్నడగలేదేం?”

“నిన్నడగడానికేముంది? గురువుగారు నోరు తెరిచి అడిగితే కాదంటామా?”

నాలుగు రోజులు. ఈ నాలుగు రోజులూ ఆయనకి వేళకి అన్నం పెట్టింది, అత్తగారి కాళ్ళకి నూనె రాసింది. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మంటలోనే బిషప్‌గారి ఉత్తరం గుర్తొచ్చింది. దాన్ని విప్పింది తనే. ‘మిమ్మల్ని ఫలానా చోటికి పంపాలనుకుంటున్నాం, ఇబ్బందులేమైనా ఉంటే రాయండి’ అని ఉంది అందులో. ఫాదర్‌గారు మూడు రోజులు ఆలోచించుకుని, మోకాలి నొప్పి వల్ల మెట్లెక్కలేను, కింది గది కావాలి అని తన చేతే టైపు చేయించారు. కింది గదే ఇచ్చారు. గురుపట్టం నాడు బిషప్‌గారి చేతుల్లో చేతులు పెట్టి, మీ మాట జవదాటనని ప్రమాణం చేసిన మనిషాయన. అలాంటి మనిషినే అడిగారు, మోకాలితో సహా అడిగారు. తనూ ఆ గుడిలోనే పెళ్ళినాడు మాటిచ్చింది. కష్టంలోనూ సుఖంలోనూ తోడుంటానంది గానీ, బీరువా తాళంలా చేతులు మారతాననలేదు.

ఇంకో మాట కూడా తోచింది, అది తోచాక కోపం కంటే పెద్దదేదో వెన్ను నిటారుగా నిలబెట్టింది. ఫాదర్‌గారు పాత్రలు వదిలేసి వెళ్తున్నారు, బీరువాలు వదిలేసి వెళ్తున్నారు. ఇంత పెద్ద విచారణలో ఆయన వెంట కావాలనుకున్నది తననొక్కదాన్నే. అంటే తన విలువ ఆయనకి బాగా తెలుసు. తెలిసే, వెళ్ళి ఇంకొకరిని అడిగారు.

“నేను రాను” అంది.

భర్త స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “నా పరువేం కాను? ఏ మొహం పెట్టుకుని చెప్పను ఆయనకి?”

“మీరు చెప్పక్కర్లేదు. నా మాట నేనే చెప్పుకుంటాను.”

మర్నాడు పొద్దున ఆఫీసులో ఫాదర్‌గారు పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటున్నారు. మంచాయనే. కోప్పడడం కూడా రాదు.

“ఫాదర్, నేను మీతో రావడం లేదు.”

“అదేంటమ్మా! మీ ఆయన ఒప్పుకున్నాడే!”

“ఆయన్నడిగారు, ఆయన ఒప్పుకున్నారు. నన్నడిగుంటే ఆదివారమే చెప్పేదాన్ని. పందొమ్మిదేళ్ళు ఈ విచారణని నేను నడిపాను ఫాదర్. మీరందరూ వచ్చారు, వెళ్ళారు. నేనిక్కడే ఉంటాను.”

‘నడిపాను’ అన్న మాట పైకి అనడం అదే మొదలు. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆవిడే ఆశ్చర్యపోయింది. ఫాదర్‌గారు కుర్చీలో కూలబడ్డారు.

“అక్కడ ఇల్లు కూడా సిద్ధం చేయించానమ్మా. ఇప్పుడెలా?”

“మా ఆయన సరేనన్నారుగా. ఆయన్ని తీసుకెళ్ళండి.”

“ఆయన్నా? తీగలు కలపడం తప్ప ఆయనకేం తెలుసమ్మా? రిజిస్టర్లు, ఉత్తరాలు, రోగుల ఇళ్ళు, ఎవరైనా వస్తే ఇంత టీ పెట్టడం, ఇవన్నీ ఎలా చేస్తాడు?”

“నేర్చుకుంటారు ఫాదర్” అంది ఆఫీసమ్మ. “నేను మాత్రం పుట్టుకతోనే నేర్చుకొచ్చానా?”