షర్జీ గాలి

దాఖిల్ తలగుడ్డను తొట్టిలో ముంచి, గట్టిగా పిండి, కడుతున్న భవనం మెట్ల పక్కనున్న తాడు మీద ఆరేశాడు. మామూలు రోజుల్లో టీ తాగి లేచేసరికి అది ఫెళఫెళలాడేది. ఇవాళ గ్లాసులు కడిగి బోర్లించినా చెమ్మ పోలేదు. సముద్రం మీంచి తేమను మోసుకొచ్చే షర్జీ గాలి వీస్తోంది. ఆకాశం బూడిదరంగులో ఉంది, సూర్యుడి జాడ లేదు. గుడ్డను మళ్లీ తడిమి చూశాడు.

పెళ్లి కాకముందు నుంచీ బస్రాలో గోడలకు జిప్సం పూస్తున్న మనిషి. అరిచేతులు పగిలాయి, గోళ్ల సందుల్లో తెల్లపొడి ఏం చేసినా పోదు. ఎవరి మాటకూ ఎదురుచెప్పి ఎరగడు. పోయిన వేసవిలో ఇలాంటి రోజే అతని తమ్ముడు రేవులో బస్తాలు మోస్తూ మోస్తూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. గుండెజబ్బన్నారు. రాసిపెట్టి ఉందన్నారు. స్నానం చేయించేటప్పుడు ఆ ఒళ్లు ఇంకా కాలుతూ ఉండటం దాఖిల్ చేతులకు తెలుసు.

అప్పట్నుంచి నోరు విప్పాడు. సముద్రం కాగుతోందనీ, ఇవి నాన్నల నాటి వేసవులు కావనీ, తడిగుడ్డ ఆరని రోజున చెమటా ఆరదనీ, వేడి ఒంట్లోనే ఉండిపోతుందనీ చెప్పేవాడు. తోటివాళ్లు టీవీ వాళ్ల గోలంటూ కొట్టిపారేసేవాళ్లు.

"బస్రాలో ఎండ కాయక మంచు కురుస్తుందేంటి?" అన్నాడు లఫ్తా, జిప్సం కలిపే పార పక్కన పెడుతూ. "అయినా ఇవాళ ఎండేదయ్యా? ఈ గాలికే కదా ఖర్జూరం పండేది."

"ఖర్జూరం చెట్టు మీద కూర్చునుంటుంది. బస్తాలు మోయదు."

అందరూ నవ్వారు. జిప్సం బస్తాలు మూడో అంతస్తుకు చేరాలి. పొద్దువాలాక మోద్దామని దాఖిల్ బతిమాలాడు. అతని చేతికి మొదటిసారి తాపీ ఇచ్చిన మేస్త్రీ, భార్యకు మేనమామ, ముహైసిన్ పకపకా నవ్వాడు.

"నీకు పిరికిమందు ఎవరు పోశార్రా? నీ వాటా నేను మోస్తాలే, నువ్వు కూర్చో."

ముసలాయన బస్తా కిందికి వంగాడు. దాఖిల్‌కు వంగిన ఆ వీపులో తమ్ముడు కనిపించాడు.

"దించు మామా. నేను మోస్తా. నువ్వు తలమీద నీళ్లు పోసుకుని నీడలో కూర్చో. ఈ ఒక్కసారికి నా మాట విను."

ముహైసిన్ నవ్వుతూనే కూర్చున్నాడు.

దాఖిల్ తన వాటా మోశాడు, ఆయన వాటా కూడా మోశాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది గానీ ఎక్కడా చల్లబడలేదు. ఆఖరి బస్తా దించి మెట్ల మలుపులో కూలబడ్డాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వేడి ఒంట్లో ముదిరినప్పుడు పుట్టే చలి అదని అతనికి తెలుసు.

"చలేస్తోంది మామా," అన్నాడు కిందికి వినబడేలా.

"చూశారా, మంచు కురిసింది!" అని లఫ్తా కిందినుంచి అరిచాడు.

ముహైసిన్ ఆయాసపడుతూ పైకెక్కేసరికి దాఖిల్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్లు నిప్పులా ఉంది. లఫ్తా బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వంతెన దగ్గరే ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రం లఫ్తా, ముహైసిన్ అతని సామాను కోసం వచ్చారు. టీ గ్లాసు, తాపీ, చెప్పులు సంచిలో వేశారు. లఫ్తా తాడు దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. దాఖిల్ ఆరేసిన గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు.

అతని పిడికిట్లో తలగుడ్డ ఇంకా తడిగానే ఉంది.