మూడు గ్లాసుల పిండి

ఏడాది చివరి సెలవులు దగ్గరపడేకొద్దీ ఆ అపార్ట్‌మెంటులో ఎవరూ ఏదీ పారేయడం లేదు. గుడ్ల అట్టలు, ఖాళీ జాము సీసాలు, చిరిగిపోయిన మేజోళ్ళు, కొత్త చొక్కా మడతలో వచ్చే అట్టముక్కలు, నిన్నటిదాకా చెత్తబుట్టలో మర్యాదగా పడి ఉన్నవన్నీ జిగురు పూసుకుని, మెరుపు పొడి చల్లుకుని, లిఫ్టు పక్కన బల్ల మీదకెక్కి కూర్చున్నాయి. లిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే ఆగి ఎంత బాగుందో అనేవారు. తర్వాత అదేమిటో తెలియక పక్కవాళ్ళ మొహం చూసేవారు.

ఈ ఉద్యమానికంతటికీ నాయకురాలు గవ్వ ఆడపడుచు. మొగుడికి అక్క, గవ్వకి వదిన, ఆ వీధికంతటికీ పళ్ళ డాక్టరు. రోజంతా నోరు తెరవండి, నోరు తెరవండి అని చెప్పీ చెప్పీ, ఎదుటివాళ్ళు నోరు తెరిచేది తను చూడటానికే గానీ వాళ్ళు మాట్లాడటానికి కాదని గట్టిగా నమ్మిన మనిషి.

గవ్వకి అసలు పేరు వేరే ఉంది. చిన్నప్పుడు ఏమడిగినా నోరు విప్పేది కాదని వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు ఇది. పెళ్ళయ్యాక మొగుడు అందిపుచ్చుకున్నాడు, ఆ వెనకే అత్తవారంతా. డిగ్రీ పట్టా మీది పేరు పట్టా మీదే ఉండిపోయింది.

ఈసారి సెలవుల పార్టీకి వదిన ఒక నియమం పెట్టింది. ప్రతి ఇంటివాళ్ళూ తరాలుగా వస్తున్న ఒక వంటా, సొంత చేత్తో చేసిన ఒక అలంకారమూ తేవాలి. పక్కన ఒక కార్డు పెట్టి దాని చరిత్ర రాయాలి. నియమం బాగానే ఉంది గానీ, వదినకే చెప్పుకోవడానికి వంట లేదు. ఆ ఇంట్లో తరాలుగా వస్తున్నది వంటమనిషే. వాళ్ళ నాయనమ్మకి వంటింటి దారి తెలియదనీ, తెలిసినా వెళ్ళేది కాదనీ గవ్వ మొగుడు పెళ్ళయిన కొత్తలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

అలాంటప్పుడు వదినకి గవ్వ వాళ్ళమ్మ చేసే అల్లం బిస్కెట్లు గుర్తొచ్చాయి. ఆవిడ దర్జీ. బట్టల షాపు ఒకదానికి జీవితమంతా ఇంట్లోంచే కుట్టింది. సెలవులొస్తే మిషను మీద దుప్పటి కప్పేసి బిస్కెట్లు చేసేది. గుడ్డ మీద గీత వేసే పళ్ళచక్రాన్ని కడిగి దానితోనే అంచులు కోసేది. కాగితమంత పల్చగా, విరిస్తే టక్కుమనేలా ఉండేవి. వదిన తిన్నప్పుడల్లా మరో రెండింటిని రుమాల్లో చుట్టుకుని వెళ్ళేది, క్లినిక్కులో తీరిగ్గా తింటానని.

ఫోను చేసి అన్నీ అడిగింది. గవ్వ అరమరిక లేకుండా చెప్పుకుంటూ పోయింది. గుప్పెడు వెన్న, రెండు గుడ్లు, గిన్నెడు పంచదార, వేలెడంత అల్లం కోరు, మూడు గ్లాసుల పిండి. ఆ గ్లాసు నీళ్ళు తాగేది కాదు, టీ తాగే చిన్నది, అందులో సగమే ఉంటుంది అని చెప్పబోయింది. మాట పళ్ళ దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వదిన, కార్డు మీద మా నాయనమ్మ పేరు రాస్తున్నా, నువ్వేం అనుకోకు, మీ అమ్మగారిదంటే మీ ఇంటి వంట అయిపోతుంది, మా ఇంటిది కాదుగా అంది.

గవ్వ పళ్ళ దాకా వచ్చినదాన్ని మింగేసింది.

“మూడు గ్లాసులేగా?” అని వదిన మరోసారి అడిగింది.

“మూడు గ్లాసులే వదినా.”

అబద్ధమేం కాదు. పన్నుకి అచ్చు తీసేటప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తే ఒప్పుకోని మనిషి, ఏ గ్లాసు అని ఒక్క ముక్క అడగలేకపోయింది. అడిగితే చెప్పేదే.

గవ్వకి కావలసింది ఒక్కటే, ఆ కార్డు మీద అమ్మ పేరు. అమ్మ కుట్టిన బట్టలన్నిటికీ మెడ దగ్గర షాపు పేరున్న చీటీ ఉండేది. ఆ చీటీ కూడా అమ్మే కుట్టేది. కనీసం బిస్కెట్టయినా ఆవిడ పేరు మోస్తే బాగుండునని గవ్వ ఆశ. ఆ సంగతి మీ అక్కకి చెప్పండి అని మొగుణ్ణి అడిగింది కూడా. ఆయన పోనీలే, బిస్కెట్టే కదా అన్నాడు. ఆ ‘పోనీలే’ ఆయనకి తండ్రి నుంచి సంక్రమించిన స్థిరాస్తి. ఎంత వాడినా తరగదు.

పార్టీ రోజు కింది హాలు చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు, అందులో ఒకటి మూసుకోవడమే మేలనిపించింది గవ్వకి. జాము సీసాలకి దూది అంటించి మంచు అన్నారు. మేజోళ్ళలో బియ్యం పోసి బొమ్మలన్నారు. రెండో అంతస్తు లాయరుగారి భార్య తెచ్చిన కాగితపు నక్షత్రాలు మాత్రం కొలత పెట్టి కోసినట్టున్నాయి. అవి ఏ షాపులో చేతిపనో అందరికీ తెలుసు గనక ఎవరూ అడగలేదు.

నడిమి బల్ల మీద వెండి పళ్ళెంలో వదిన బిస్కెట్లు. ప్రతి బిస్కెట్టుకీ పైన ఒక బెజ్జం, బెజ్జంలో ఎర్ర రిబ్బను. తింటే వంట, కడితే అలంకారం, రెండు పనులూ ఒక్క దెబ్బతో తీరిపోయాయి అని వదిన ఉదయం నుంచీ కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. పిండి మొదట మొండికేసిందట, పొడిపొడిగా రాలిపోయిందట, నీళ్ళు పోసి పిసికి దారికి తెచ్చిందట. అలా నీళ్ళు పోసి పిసికితే పిండి ఏమవుతుందో వంటింటి గుమ్మం తొక్కినవాళ్ళెవరికైనా తెలుసు. బెజ్జాలు అంత గుండ్రంగా ఎలా వచ్చాయో మాత్రం గవ్వ అడగలేదు. పళ్ళు తొలిచే మిషనున్న క్లినిక్కు వీధి చివరే కదా.

పక్కన కార్డు. బంగారు రంగు సిరాతో, మా నాయనమ్మగారు స్వహస్తాలతో చేసి మాకు తినిపించిన అల్లం బిస్కెట్లు అని ఉంది.

గవ్వ వాళ్ళమ్మ బస్సులో వచ్చింది. వదినే పిలిచింది ఆవిణ్ణి, పెద్దవాళ్ళుంటే హాలుకి నిండుదనం అని. ఆవిడ సంచి గోడకి ఆనించి, కళ్ళజోడు తీసి పెట్టుకుని, కార్డు పైనుంచి కింద దాకా చదివింది. చదివి కళ్ళజోడు మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. గవ్వ ఆ మొహంలో ఎక్కడైనా నొప్పి కనిపిస్తుందేమోనని వెతికింది. టీ ఎక్కడ పోస్తున్నారే అని అడిగింది ఆవిడ.

రుచి చూసే గౌరవం అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడిది. రిటైరైన స్టేషన్‌మాస్టరు. మైకు ఒక చేత్తో, బిస్కెట్టు ఇంకో చేత్తో పట్టుకుని కొరికాడు. మైకు దగ్గరగా ఉండటం వల్ల ఆ చప్పుడు హాలంతా వినిపించింది. ఆయన బిస్కెట్టు బయటికి తీసి చూశాడు. బిస్కెట్టుకేం కాలేదు. నాలుకతో తన పళ్ళు ఒక్కొక్కటే హాజరు వేసుకున్నాడు. ఈలోపు పిల్లలు బిస్కెట్లు ఒకదానితో ఒకటి కొట్టి తాళం వేయడం మొదలుపెట్టారు. లాయరుగారు టీలో ముంచి ఓపిగ్గా నిలబడ్డాడు. టీ చల్లారింది గానీ బిస్కెట్టు మెత్తబడలేదు.

“డాక్టరుగారికి రేపటి నుంచి క్లినిక్కులో కూర్చోవడానికి చోటుండదు,” అన్నారెవరో వెనక నుంచి.

నవ్వు వెనక వరసలో పుట్టి ముందు వరస దాకా పాకింది. గవ్వ నవ్వలేదు. పెదాలు బిగబట్టుకుని లోపల్లోపల విందు చేసుకుంది. అయితే వదిన పళ్ళతో బతికే మనిషి, నవ్వుల లోతు ఆవిడకి బాగా తెలుసు. స్టేషన్‌మాస్టరు చేతిలోంచి మైకు లాక్కుంది.

“నిజం చెప్పాలంటే ఇది మా ఇంటిది కాదండీ. మా తమ్ముడి అత్తగారిది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేశాను. అదిగో, ఆవిడే.”

అందరూ తిరిగి చూశారు. గవ్వ కోరుకున్నది అచ్చంగా జరిగింది. అమ్మది అన్నారు, మైకులో అన్నారు, భవనమంతా విన్నది. రాయిని చేతిలో పెట్టుకుని మరీ విన్నది. గవ్వకి చెవులు కాలిపోయాయి. లేచి ఏదో ఒకటి చెప్పాలనుకుంది. ఏం చెప్పినా ఆ గ్లాసు సంగతి బయటికి రాకుండా చెప్పే వీల్లేదు.

వాళ్ళమ్మ టీ కప్పు కింద పెట్టి లేచింది. మైకు అడగలేదు. మిషను ఆడిస్తూనే పక్క గదిలోకి వినపడేలా మాట్లాడి అలవాటైన గొంతు అది.

“నాది కాదమ్మా డాక్టరమ్మా. మీ నాయనమ్మగారు స్వహస్తాలతో చేసేవారని కార్డు మీద రాశారుగా, ఇప్పుడే కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. అంత పెద్దావిడ వంటలో నేను వేలు పెట్టకూడదు.”

ఈసారి నవ్వు ముందు వరసలోనే మొదలైంది. స్టేషన్‌మాస్టరు ఎన్నో రైళ్ళు ఆలస్యమైనా ప్రకటనలతోనే నెట్టుకొచ్చిన మనిషి. పళ్ళెం ఎత్తి చేతిపనుల బల్ల మీదకి మార్చేసి, ఇది తరతరాలు నిలిచే అలంకారమని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. వదినకి బహుమతిగా దూది అంటించిన జాము సీసా ఇచ్చారు. గవ్వ అమ్మతో ఇంటికెళ్ళేసరికి వదిన, తను మొదటి నుంచీ అలంకారమే అనుకున్నానని తమ్ముడికి చెబుతోంది. తమ్ముడు పోనీలే అక్కా అంటున్నాడు.

అమ్మని బస్సెక్కించడానికి గవ్వ స్టాపు దాకా వెళ్ళింది. అమ్మ మెచ్చుకుంటుందని ఆశపడింది కూడా.

“ఏ గ్లాసో ఆవిడకి చెప్పావా?” అంది అమ్మ.

“అడగలేదు.”

“అడగలేదు సరే. చెప్పావా?”

గవ్వ అప్పుడు విప్పింది నోరు. కార్డు సంగతి, నాయనమ్మ పేరు సంగతి, బట్టల మెడ దగ్గర చీటీల సంగతి, చిన్నప్పటి నుంచీ దాచుకున్నదంతా చెప్పేసింది. అమ్మ అంతా విన్నది. రోడ్డు మీద నిలబడి కూతుర్ని, అంచు వంకరగా పోయిన గుడ్డని చూసినట్టు చూసింది.

“చీటీ మీద షాపువాడి పేరుందని నేనెప్పుడైనా కుట్టు వంకరగా వేశానటే? అంత వెన్న, అంత పిండి మట్టిపాలు చేశారు ఇద్దరూ కలిసి. పిల్లలు ఆశగా నోట్లో పెట్టుకుని మొహాలు ఎలా పెట్టారో చూశావా? ఆవిడకి గొప్పల పిచ్చి. నీకు తెలివుందన్న పొగరు. ఆవిడదే నయం, పైకి కనిపిస్తుంది.”

రేపు ఆవిణ్ణి మా ఇంటికి రమ్మను, దగ్గరుండి చేయిస్తా, ఇప్పుడే ఫోను చెయ్యి అంది అమ్మ. బస్సొచ్చేలోపు చెయ్యి అంది.

వదిన మొదటి మోతకే ఎత్తింది. గవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. అది చిన్న గ్లాసు వదినా, నాకు తెలుసు, కావాలనే చెప్పలేదు. పెళ్ళయ్యాక తన మాట వదిన అడ్డు రాకుండా చివరిదాకా వినడం గవ్వకి ఇదే మొదలు.

“ఎందుకే?”

“కార్డు మీద అమ్మ పేరు పెట్టలేదని.”

“నోరు తెరిచి అడిగితే పెట్టేదాన్నిగా.”

“మీ తమ్ముడితో అన్నాను, మీకు చెప్పమని.”

“వాడితోనా,” అంది వదిన. ఆ ఒక్క మాటలో ఉన్న ఏవగింపు విని గవ్వకి మొదటిసారి ఆవిడ మీద కాస్త గౌరవం పుట్టింది. గౌరవం స్థిరపడేలోపే వదిన తేరుకుంది. “సరే, రేపు వస్తాను. మీ అమ్మగారి పేరే పెడతాను, వీడియోలో. ఫోను స్టాండు తెచ్చుకోనా? వాళ్ళ వంటింట్లో వెలుతురు బాగుంటుందా?”

గవ్వ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి అమ్మకి చెప్పింది. అమ్మ అప్పటికే బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

“ఏం తెచ్చుకున్నా నాకనవసరం. పిండి మాత్రం ఆవిడనే తెచ్చుకొమ్మను.”